పాప్ సంగీత ఛాయాచిత్రం గ్యాలరీ గోడకు ఎలా చేరుతుంది

లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మూడేళ్ల పునర్నిర్మాణం ముగించుకొని 2023 జూన్ 22న మళ్లీ తలుపులు తెరిచింది. ఆరు రోజుల తర్వాత, జూన్ 28న, అక్కడ పాల్ మెకార్ట్నీ తీసిన ఫొటోల ప్రదర్శన మొదలైంది. బ్రిటిష్ పాప్ సంగీత బృందం బీటిల్స్ 1963 డిసెంబరు నుంచి 1964 ఫిబ్రవరి దాకా లివర్‌పూల్, లండన్, పారిస్, న్యూయార్క్, వాషింగ్టన్, మయామి నగరాల్లో తిరిగిన కాలంలో, ఆ నలుగురిలో ఒకరైన మెకార్ట్నీ తన పెంటాక్స్ కెమెరాతో తీసిన ఫొటోలవి. 250కి పైగా ఫొటోలను అక్టోబరు 1 దాకా గోడల మీద ఉంచారు. ఆ తర్వాత ఈ ప్రదర్శన అట్లాంటిక్ దాటి, 2024లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియానికీ వెళ్లింది.

ఇలాంటి ప్రదర్శనకు వెళ్లేవారిలో ఎక్కువమంది పాట మీద ప్రేమతో వెళ్తారు, అందులో తప్పేమీ లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తెలిసిన ముఖం కనిపించగానే కన్ను దాన్ని గుర్తుపట్టి తృప్తిపడి తర్వాతి ఫ్రేము వైపు జరిగిపోతుంది. అసలు చూడవలసినది అప్పటికి మొదలే కాదు. పాప్ సంగీత ఛాయాచిత్రం తొలుత గోడ కోసం పుట్టినది కాదు. పత్రికలో అచ్చు వేయడానికో, రికార్డు అట్ట కోసమో, అభిమానులకు పంచడానికో పుట్టి, కొన్ని దశాబ్దాల తర్వాత కళగా గోడ ఎక్కింది. ఆ రెండు స్థితుల నడుమ ఎందరో ఎన్నో నిర్ణయాలు తీసుకొని ఉంటారు. కెమెరా పట్టుకున్న మనిషిని ఎంత దగ్గరికి రానిచ్చారు, తీసినవాటిలో దేన్ని ఎవరు ఏరారు, ఆ ఫొటోను ఏ సంవత్సరంలో కాగితం మీదికి ఎక్కించారు, దాని మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు వేసుకుంటే తప్ప మన ఎదుట ఉన్న వస్తువు ఏమిటో తెలియదని నా అభిప్రాయం.

ముందుగా గ్యాలరీ సంగతే చూడాలి. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీని 1856లో స్థాపించినప్పుడు, బొమ్మ గీసినవారి నేర్పు కంటే బొమ్మలోని వ్యక్తి ప్రసిద్ధికే పెద్దపీట వేయాలన్నది అక్కడి నియమం. బతికి ఉన్నవారి చిత్రాలను శాశ్వత సేకరణలోకి తీసుకోకూడదన్న కట్టుబాటు కూడా ఉండేది, దాన్ని 1969లో గానీ సడలించలేదు. ఛాయాచిత్రాలతో ఆ గ్యాలరీ జరిపిన మొదటి ప్రదర్శన ఫొటోగ్రాఫర్ సెసిల్ బీటన్‌ది, అది 1968లో. అంటే బీటిల్స్ ప్రపంచమంతా మోగిపోతున్న రోజుల్లో, వాళ్ల ఫొటోకు ఆ భవనంలో చోటు దొరికే అవకాశమే దాదాపు లేదు. ఈ చరిత్ర వల్ల నేటికీ ఒక సందిగ్ధత మిగిలింది. గోడ మీద ఫొటో ఉన్నది అందులోని మనిషి గొప్పవాడు కాబట్టా, ఆ ఫొటో గొప్పది కాబట్టా? మెకార్ట్నీ ప్రదర్శనలో ఈ ముడి ఇంకా బిగుసుకుంది, ఎందుకంటే ఇక్కడ తీసిన మనిషీ ప్రసిద్ధుడే. కొన్ని ఫొటోలు నిజంగా మంచివి. కొన్ని, మరొకరు తీసి ఉంటే గోడ ఎక్కేవి కావు. రెండింటినీ ఒకే వరసలో వేలాడదీసినప్పుడు ఆ తేడాను పట్టుకునే బాధ్యత చూసేవారి మీదే పడుతుంది.

దగ్గరికి రానివ్వడం అనేది ఈ రంగంలో అన్నిటికంటే విలువైన సరుకు. 1963 ఆగస్టు 22న బోర్న్‌మత్‌లోని ప్యాలెస్ కోర్ట్ హోటల్‌లో రాబర్ట్ ఫ్రీమన్ బీటిల్స్ నలుగురినీ వాళ్ల రెండో ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) అట్ట కోసం ఫొటో తీశారు. పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప వేరే దీపం లేదు. నలుగురూ నల్లటి పొడుగు మెడ స్వెట్టర్లు వేసుకున్నారు. ప్రతి ముఖంలో సగం వెలుగు, సగం నీడ, ఒక్కరి పెదవి మీదా నవ్వు లేదు. అప్పటి పాప్ గాయకుల అట్టలన్నీ పళ్లు కనిపించేలా నవ్వే ముఖాలతో నిండి ఉండేవి కాబట్టి ఈ ఫొటో కొత్తగా కనిపించింది. అయితే దాని అమరికకు కారణం కళాదృష్టి ఒక్కటే కాదు. పన్నెండు అంగుళాల చదరపు అట్టలో నాలుగు ముఖాలు ఇమడాలి. ముగ్గురిని ఒక వరసలో నిలిపి, నాలుగోవారైన రింగో స్టార్‌ను కుడివైపు కిందికి దించడంతో చదరం నిండింది. గ్యాలరీలో చతురస్రాకారపు ఫొటో ఎదురైనప్పుడల్లా, పై భాగంలో అకారణంగా ఖాళీ కనిపించినప్పుడల్లా, అక్కడ ఒకప్పుడు బృందం పేరు, ఎల్పీ పేరు అచ్చయ్యేవని గుర్తు తెచ్చుకోవడం మంచిది. అక్షరాలు తీసేసి ఫ్రేములో బిగించాక ఆ ఖాళీ ఏదో గంభీరమైన మౌనంలా కనిపిస్తుంది, నిజానికి అది అచ్చు పని కోసం వదిలిన చోటు.

అట్టకు తీసేవారికి గది తలుపు తెరుచుకుంటుంది, పత్రికల కోసం తీసేవారికి తాడు కట్టిన గిరి వరకే ప్రవేశం. తర్వాతి దశాబ్దాల్లో పెద్ద కచేరీలన్నిటా ఒక పద్ధతి స్థిరపడింది. మొదటి మూడు పాటల వరకే ఫొటోలు తీయాలి, ఫ్లాష్ వాడకూడదు, ఆ తర్వాత వేదిక ముందు ఫొటోగ్రాఫర్లకు కేటాయించిన చోటులోంచి వెళ్లిపోవాలి. గాయకుడికి ఇంకా చెమట పట్టకముందే, గొంతు వేడెక్కకముందే ఫొటోగ్రాఫర్ పని ముగుస్తుంది. ఇటీవలి కచేరీ ఫొటోల్లో ఇన్ని ఒకేలా కనిపించడానికి ఫొటోగ్రాఫర్ల ఊహ అడుగంటడం కారణం కాదు, అందరూ ఒకే చోటు నుంచి ఒకే పది పన్నెండు నిమిషాలను తీయవలసి రావడం కారణం. 1960లలో జిమ్ మార్షల్ వంటివారికి ఆ అడ్డు లేదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో బీటిల్స్ ఇచ్చిన చివరి టికెట్ కచేరీలో ఆయన తెర వెనక కూడా తిరగగలిగారు. బట్టలు మార్చుకునే గదిలోని అలసట, మెట్ల మీద సిగరెట్టు, ఎవరి కోసమూ కాని చూపు వంటివి ఆ కాలపు ఫొటోల్లో దొరకడానికి మూలం అది.

మెకార్ట్నీ ఫొటోల ప్రత్యేకత ఇక్కడే ఉంది. ఆయనకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎందుకంటే అందరూ ఎవరి దగ్గరికి రావాలని తాపత్రయపడుతున్నారో ఆ మనిషే కెమెరా పట్టుకున్నారు. న్యూయార్క్‌లో తీసిన ఒక నలుపు తెలుపు ఫొటో ముందు కాసేపు నిలబడితే ఈ సంగతి బోధపడుతుంది. కారు వెనక అద్దంలోంచి, వెస్ట్ 58వ వీధి సిక్స్త్ అవెన్యూను దాటే చోట తీసినది అది. ఎత్తయిన భవనాల నడుమ వీధి మధ్యలో యువతీ యువకులు కారు వెంట పరుగెత్తుతున్నారు. ఫొటో అంచులు సరిగ్గా కుదరలేదు, చేయి నిలకడగా లేదు, కారు కదులుతోంది. వృత్తి ఫొటోగ్రాఫర్ ఎంత నేర్పరి అయినా ఈ ఫొటో తీయలేడు. వీధి పక్కన నిలబడితే అభిమానులు ఒక పక్కా కారు ఒక పక్కా కనిపిస్తారు గానీ, తరిమే జనం తనవైపే వస్తున్న అనుభవం దొరకదు. అదే వరసలో, తమను తీయడానికి గుమిగూడిన పత్రికా ఫొటోగ్రాఫర్లనే మెకార్ట్నీ ఎదురు ఫొటో తీసిన దృశ్యాలూ ఉన్నాయి. లోకం బీటిల్స్‌ను చూసిన ఫొటోలు లక్షల్లో ఉంటాయి, బీటిల్స్ లోకాన్ని చూసిన ఫొటోలు అరుదు.

మయామిలో తీసిన మరో ఫొటో నన్ను ఇంకా ఎక్కువగా ఆకట్టుకుంటుంది. అందులో బీటిల్స్ ఎవరూ లేరు. కారు పక్కన మోటారు సైకిల్ మీద వస్తున్న పోలీసు నడుముకు వేలాడే రివాల్వరు, బెల్టుకు గుచ్చిన తూటాలు, ముఖం కూడా కనిపించనంత దగ్గరగా ఉన్నాయి. తుపాకీ లేని పోలీసులను చూస్తూ పెరిగిన లివర్‌పూల్ కుర్రాడికి అది ఎంత వింతగా తోచి ఉంటుందో, ఆ ఫొటో చట్రమే చెబుతుంది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు మంచులో రైలు ప్రయాణం చేస్తూ, పట్టాల పక్కన పనిచేసే కూలీలను కిటికీలోంచి తీసిన ఫొటోలకూ ఇదే గుణం ఉంది. 1964 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో బీటిల్స్‌ను 7 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. రెండు రోజుల తర్వాత ఆ నలుగురిలో ఒకరైన మెకార్ట్నీ రైలు కిటికీ దగ్గర కూర్చొని ముక్కూమొహం తెలియని కార్మికులను చూస్తున్నారు. ప్రదర్శనలో జనం బృందంలోని జాన్ లెనన్ ముఖం ముందు గుమిగూడి ఈ ఫొటోలను దాటిపోతే, నా దృష్టిలో సగం ప్రదర్శన చూడనట్టే.

ఇక ఏరడం. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం రోలులో మామూలుగా 36 ఫొటోలు పడతాయి. ఫిలిం కడిగాక దాన్ని ముక్కలుగా కత్తిరించి, కాగితం మీద వరసగా పరిచి అసలు పరిమాణంలోనే ఒక అచ్చు తీస్తారు, అదే కాంటాక్ట్ షీటు. అందులో ఒక్కో ఫొటో పెద్ద తపాలా బిళ్లంత ఉంటుంది. భూతద్దంతో చూసి, బాగున్నదాని చుట్టూ మైనపు పెన్సిలుతో గీత గీస్తారు. గ్యాలరీలో కాంటాక్ట్ షీటు కనిపిస్తే దాన్ని వదిలి వెళ్లకూడదు, ఎందుకంటే ఫొటోగ్రాఫర్ ఆలోచన బయటపడేది అక్కడే. 1969 ఆగస్టు 8న ఇయన్ మాక్‌మిలన్ లండన్‌లోని అబీ రోడ్ మధ్యలో నిచ్చెన ఎక్కి, ఒక పోలీసు వాహనాలను ఆపుతుండగా, వరసగా రోడ్డు దాటుతున్న బీటిల్స్ నలుగురినీ అదే పేరున్న ఎల్పీ అట్ట కోసం సుమారు పది నిమిషాల్లో ఆరే ఆరు ఫొటోలు తీశారు. మెకార్ట్నీ ఏరినది అయిదోది. మిగతా అయిదింటిలో అడుగులు కలవవు, ఒకరి కాళ్లు ఇంకొకరికి అడ్డొస్తాయి, అంతా ఎదురు దిశలో నడిచేవీ ఉన్నాయి. ఆ ఆరింటినీ పక్కపక్కన చూసినవారికి, లోకమంతా అనుకరించిన ఆ దృశ్యం ఎంత సన్నని తేడాతో నిలబడిందో అర్థమవుతుంది.

ఏరేది ప్రతిసారీ తీసినవారే అనుకోవడం పొరపాటు. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ వేల ఫొటోలు తీసినా ఆల్బమ్‌లోకి ఏవి ఎక్కాలో ఇంటివారు తేల్చినట్టే, ఇక్కడ బృందమో, మేనేజరో, రికార్డు కంపెనీయో తేలుస్తుంది. 1979 సెప్టెంబరులో న్యూయార్క్ పల్లాడియం వేదిక మీద ద క్లాష్ అనే బ్రిటిష్ రాక్ బృందానికి చెందిన పాల్ సిమనన్ తన బేస్ గిటారును నేలకేసి కొడుతుండగా పెన్నీ స్మిత్ తీసిన ఫొటో ఇందుకు చక్కని ఉదాహరణ. ఫోకస్ కుదరలేదని ఆమె ఆ ఫొటోను పక్కన పెట్టాలనుకున్నారు. బృందం గాయకుడు జో స్ట్రమర్, వాళ్ల ఎల్పీ అట్టను రూపొందించిన రే లౌరీ పట్టుబట్టి అట్ట మీద దాన్నే వేయించారు. 2002లో బ్రిటన్‌కు చెందిన క్యూ పత్రిక రాక్ సంగీత ఫొటోలన్నిటిలో దాన్నే మొదటి స్థానంలో నిలిపింది. ఆ మసక వల్లనే అందులో వేగం ఉంది. ఫొటోగ్రాఫర్ వృత్తి నియమం ఒకటి చెబుతుంటే, సంగీతం తెలిసినవారి కన్ను ఇంకొకటి చూసింది.

వదిలేసిన ఫొటోకు చాలాకాలం తర్వాత పట్టం కట్టిన సందర్భమూ ఉంది. 1973లో బ్రయన్ డఫీ, ముఖానికి అడ్డంగా ఎరుపు నీలం మెరుపు గీత దిద్దుకున్న గాయకుడు డేవిడ్ బౌవీని ఫొటో తీసినప్పుడు, కళ్లు కిందికి వాల్చినది ఎల్పీ అట్టకు ఎక్కింది. అదే సిట్టింగులో కళ్లు తెరిచి సూటిగా చూస్తున్నది మిగిలిపోయింది. నలభై ఏళ్ల తర్వాత, 2013లో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బౌవీ ప్రదర్శన జరిపినప్పుడు కళ్లు తెరిచిన ఆ ఫొటోనే ముఖచిత్రంగా ఎంచుకుంది. దీన్నిబట్టి గ్యాలరీలు పాతదాన్ని ఉన్నదున్నట్టు చూపించడం లేదనీ, 1973లో జరగని ఎంపికను 2013లో జరుపుతున్నాయనీ గ్రహించాలి. మెకార్ట్నీ ప్రదర్శన ఈ ధోరణికి కొస. దాదాపు వెయ్యి ఫొటోలు ఆయన సొంత భాండాగారంలో ఉండిపోయి 2020లో బయటపడ్డాయి. 1964లో ఏ పత్రికా సంపాదకుడూ, ఏ మేనేజరూ వాటిని వడపోయలేదు. ఏరినది అరవై ఏళ్ల తర్వాత, ఆ నలుగురిలో ఇద్దరు చనిపోయాక, ఆ కాలం విలువ లోకానికి తెలిసిపోయాక. అందువల్ల ఆ గదుల్లో కనిపించే ఆప్యాయత 1964 నాటిది ఎంతో, 2023 నాటిది కూడా అంతే అని నాకు అనిపిస్తుంది. జార్జ్ హారిసన్‌ను, లెనన్‌ను తీసిన ఫొటోలను ఆనాడు తీసినవారు ఒక సహచరుడు. ఈనాడు ఎంచుకున్నవారు మిత్రులను పోగొట్టుకున్న వృద్ధుడు.

ప్రింటు విషయంలో చూసేవారికి కలిగే గందరగోళం ఎక్కువ, గ్యాలరీలు దాన్ని విడమరిచి చెప్పేది తక్కువ. ఫొటో పక్కన చీటీ మీద సాధారణంగా తీసిన సంవత్సరం ఉంటుంది. కాగితం మీదికి ఎక్కించిన సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు. ఫొటో తీసిన రోజుల్లోనే, లేదా ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోపు తీసిన ప్రింటును వింటేజ్ ప్రింటు అంటారు. అవి సాధారణంగా చిన్నవి, అర ఠావు కాగితం కంటే పెద్దవి కావు. వెనక పత్రికా సంస్థ ముద్ర, తేదీ, అచ్చుకు ఎంత వెడల్పు కావాలో రాసిన అంకెలు, ముందువైపు కత్తిరింపు గుర్తులు ఉంటాయి. పనిలో నలిగిన వస్తువులవి. వాటిని గాజు కింద, వీలైతే వెనకవైపు కూడా కనిపించేలా ఉంచిన ప్రదర్శనకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పాత నెగెటివ్ నుంచి ఇటీవల తీసిన ప్రింటు వేరే జాతి. నెగెటివ్‌లో ఒక్కో ఫొటో 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని మీటరు వెడల్పుకు పెంచితే సుమారు 28 రెట్లు పెద్దదవుతుంది. ఫిలింలోని వెండి రేణువులు ఇసుక చల్లినట్టు తేలతాయి. ఆ పరిమాణంలో దాన్ని 1964లో ఎవరూ చూడలేదు, చూడాలని తీయనూ లేదు. మెకార్ట్నీ తొలి ఫొటోల్లో కొన్ని కాంటాక్ట్ షీట్ల రూపంలోనే మిగిలాయి. అంటే అగ్గిపెట్టె కంటే చిన్న కాగితపు బొమ్మ నుంచి స్కాన్ చేసి గోడంత చేసినవన్నమాట. వాటిలో అస్పష్టత ఉంటే దాన్ని ఫొటోగ్రాఫర్ శైలిగా పొరబడకూడదు. దూరం నుంచి చూస్తే మనిషి, దగ్గరికి వెళ్తే రేణువులు కనిపించే ఈ పెద్ద ప్రింట్లు తప్పు పని అని నేను అనను. గది నిండా జనం ఉన్నప్పుడు చిన్న ప్రింటు ముందు నలుగురు కూడా నిలబడలేరు. కానీ చూస్తున్నది 1964 నాటి వస్తువు కాదనీ, 1964 నాటి వెలుగుతో ఈ శతాబ్దంలో చేసిన వస్తువనీ గ్యాలరీ స్పష్టంగా చెప్పి తీరాలి.

ఇలాంటి గదుల్లో వెలుతురు మందంగా ఉండటానికి కారణం వాతావరణం సృష్టించడం కాదు. వెలుగు తగిలేకొద్దీ రంగులు వెలిసిపోతాయి, అందుకే రంగు ప్రింట్లున్న గదుల్లో దీపాలను 50 లక్స్‌కు (లక్స్ వెలుతురును కొలిచే ప్రమాణం) అటూ ఇటూగా తగ్గించి ఉంచుతారు. అమ్మకం కోసం నడిచే గ్యాలరీల్లో ఈ జాగ్రత్త ఇంత ఉండదు, ఎందుకంటే అక్కడున్నవి చాలావరకు కొత్త ప్రింట్లే. న్యూయార్క్‌లో 2001లో మొదలైన మోరిసన్ హోటల్ గ్యాలరీ వంటి చోట్ల ఒక్కో ఫొటోకు ఇన్ని ప్రింట్లే అని పరిమితి పెట్టి, సంఖ్య వేసి, సంతకంతో అమ్ముతారు. ఫొటోగ్రాఫర్ చనిపోతే సంతకం బదులు వారసుల ముద్ర పడుతుంది. నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లైనా తీయవచ్చు కాబట్టి ఆ కొరత కాగితం మీద రాసుకున్న ఒప్పందం మాత్రమే, దాని విలువ ఒప్పందం మీది నమ్మకాన్ని బట్టి ఉంటుంది.

హక్కుల సంగతి అన్నిటికంటే చిక్కుముడి. బ్రిటన్‌లో 1956 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఫొటో తీసినప్పుడు ఆ ఫిలిం ఎవరి సొత్తో వారే ఆ ఫొటోకు కర్త. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే కాపీరైటు తీయించుకున్నవారిదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. 1988 చట్టం 1989 ఆగస్టులో అమలులోకి వచ్చాక గానీ హక్కు మొట్టమొదట ఫొటోగ్రాఫర్‌కు చెందడం మొదలు కాలేదు. బ్రిటిష్ పాప్ సంగీతపు ప్రసిద్ధ ఫొటోలలో ఎక్కువ భాగం ఆ పాత చట్టం కింద పుట్టినవే. అట్టల కోసం తీసిన ఫొటోలు కొందరు ఫొటోగ్రాఫర్ల ప్రదర్శనల్లో కనిపించకుండా, అదే రోజు తీసిన మిగులు ఫొటోలు కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. హక్కు ఫొటోగ్రాఫర్ చేతికి వచ్చాక, దాన్ని ఒప్పందాలతో తిరిగి లాక్కునే ప్రయత్నాలూ మొదలయ్యాయి. 2015లో ఫూ ఫైటర్స్ అనే అమెరికా రాక్ బృందం కచేరీకి అలాంటి ఒప్పందం మీద సంతకం చేయబోమని వాషింగ్టన్ సిటీ పేపర్ అనే పత్రిక నిరాకరించి, అభిమానులు తీసిన ఫొటోలనే కొనుక్కొని వేస్తామని ప్రకటించింది.

భారత చట్టం ఇప్పటికీ ఆ పాత బ్రిటిష్ దారిలోనే ఉంది. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, ఒప్పందం వేరుగా లేకపోతే, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. తెలుగు సంగీతం విషయంలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. మన జనప్రియ సంగీతం చాలావరకు సినిమా పాట. అందువల్ల రికార్డు అట్ట మీద కనిపించేది సాధారణంగా తెర మీది నాయికా నాయకుల బొమ్మ, పాడినవారి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. లండన్‌లో అట్ట ఫొటో కోసం గాయకుడికీ ఫొటోగ్రాఫర్‌కూ మధ్య ఏర్పడిన వృత్తి బంధం మనకు అంత బలంగా ఏర్పడే అవసరమే రాలేదు. స్టిల్ ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకున్నది నిర్మాత, అతని కెమెరా తిరిగినది తారల చుట్టూ. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది, కాబట్టి ఛాయాచిత్రాలను గోడ మీద చూసే ప్రేక్షకులు ఇక్కడ లేకపోలేదు. ఘంటసాల, పి. సుశీల, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తరాల గాయకులు మద్రాసు రికార్డింగు థియేటర్లలో మైకు ముందు నిలబడినప్పటి ఫొటోలతో అక్కడ ఒక ప్రదర్శన జరపాలని ఎవరైనా పూనుకుంటే, వారు ఫొటోగ్రాఫర్ల కుటుంబాలను కలవడంతో సరిపోదు. ఆనాటి నిర్మాణ సంస్థల వారసులు, రికార్డు కంపెనీలు, సినిమా వారపత్రికల యాజమాన్యాల దగ్గర నెగెటివ్‌లు ఏమైనా మిగిలాయో లేదో కనుక్కొని, ఒక్కో ఫొటోను ఎవరు డబ్బిచ్చి తీయించారో తేల్చుకోవలసి ఉంటుంది.